నడుము మీద కాలు

1964 ఫిబ్రవరి 3, సోమవారం

మా అన్న జానయ్య నడుము విరగ్గొట్టినవాడు వీరేశం సేటు. ఆలేరు స్టేషను పక్కన ఆముదాల గోదాము ఉన్న వీరేశం సేటు. పొద్దున్నే చీమలకు చక్కెర చల్లి, ఆ తర్వాత గోదాము తాళం తీసే వీరేశం సేటు. పేరు మూడుసార్లు రాసినా కసి తీరలేదు.

కర్ర పట్టుకొని కొట్టలేదు, నిజమే. కొడితే ఠాణా ఉండేది. ఎత్తించే మనుషులను తీసేశాడు, అంతే. ఇంతకుముందు బస్తా మోసేవాడికి ఇద్దరు ఎత్తించేవాళ్ళు ఉండేవారు. చెరో పక్కన పట్టి లేపితే, మోసేవాడు వీపు ఇచ్చి నిలబడేవాడు, బస్తా వచ్చి కూర్చునేది. వ్యాగన్లు ఆలస్యమైతే రైల్వేవాళ్ళు జరిమానా వేస్తున్నారని పోయిన నెల నుంచి ఆ ఇద్దరిని కూడా మోయడానికే పెట్టాడు. ఇప్పుడు ఎవడి బస్తా వాడే, ఒకదాని మీద ఒకటి పేర్చిన నిట్టు మీంచి లాగి, నడుము మెలితిప్పి, వీపు మీదికి వేసుకోవాలి. క్వింటాలు బస్తా. సేటు ఇంట్లో నీళ్ళ బిందె ఎత్తడానికి మాత్రం ఇద్దరు పనివాళ్ళు.

మధ్యాహ్నం అన్న అట్లా లాగి తిరగబోతుంటే నడుములో ఏదో తెగినట్టయిందట. బస్తా ఒక పక్కకు, అన్న ఒక పక్కకు. నలుగురు మోసుకొచ్చి ఇంట్లో దించారు. నడుము నుంచి పిర్ర మీదుగా పిక్క దాకా కాలిన తీగ పెట్టి లాగుతున్నట్టు ఉందంటాడు.

సాయంత్రం సేటు వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

“ఏంది జానయ్యా, ఇంట్లనే దవాఖాన పెట్టుకొని మూలుగుతున్నవ్? నీ తమ్ముడు మైసయ్య ఎదురుకాళ్ళతోని పుట్టినోడాయె. ఆయితారం పొద్దుగాల మూడు తన్నులు తన్నిచ్చుకో. సోమారం బండి కాడికి రా.”

వెంట వచ్చిన హమాలీలు నవ్వారు. అన్న కూడా నవ్వబోయి, నడుములో పొడిచి, ఏడ్చాడు.

నాకు కోపం రాలేదు. చేతిలో ఉన్న సైకిల్ పంపు గోడకు తగిలి విరిగింది, అంతే.

ఫిబ్రవరి 4

అన్న దగ్గలేకపోతున్నాడు. తుమ్ము వస్తుంటే రెండు చేతులతో ముక్కు మూసుకుంటున్నాడు.

ఫిబ్రవరి 6

కాళ్ళు ముందు పెట్టి భూమ్మీదికి రావాలని నేనేమీ దరఖాస్తు పెట్టుకోలేదు. అయినా ఊరికి నేను మనిషిని కాను, మందును. ఊహ తెలిసినప్పటి నుంచి ఇదే వరస: ఆదివారం పొద్దు పొడవకముందే నడుము పట్టినవాడు ఎవడో ఒకడు వచ్చి మా గడప ముందు బోర్లా పడుకునేవాడు. అమ్మ నన్ను లేపి, కాళ్ళు కడిగి, వాడి నడుము మీదికి తోలేది. మూడు తన్నులు. తన్నించుకున్నవాడు ఆ రోజు బరువు ఎత్తకూడదు, అది కట్టు. నాకు ఒక బెల్లం ముక్క. పటేలు నడుము తన్నాను, పోస్టుమాస్టరు నడుము తన్నాను. ఈ వీరేశం సేటు నడుము కూడా ఒకసారి తన్నాను. అప్పుడు నాకు పదేళ్ళు. ఇప్పుడైతే ఇంకా బాగా తన్నేవాణ్ణి.

పోయినేడు గ్రంథాలయంలో చిన్న పుస్తకాలు చదవడం మొదలుపెట్టాక ఇదంతా ఆపేశాను. మూఢనమ్మకం పేదవాడి మెడకు ఉచ్చు అని రాసి ఉంది. ఆ ఉచ్చు నేనేనని చదువుతుంటే ఒళ్ళు మండింది. ఈ కాళ్ళు ఇక నడవడానికి, నేను పనిచేసే మల్లేశం దుకాణంలో బాగుచేసిన సైకిళ్ళు తొక్కి చూడడానికి మాత్రమేనని ఇంట్లో చెప్పేశాను.

ఇవాళ అమ్మ పట్టుబట్టింది.

“తోడబుట్టినోనికి కాలెత్తవారా?”

“తోడబుట్టినోడు గాబట్టే ఎత్త.”

“ఊరోళ్ళందర్ని తన్నితివి. ఇంటోని దగ్గరికి వచ్చేవరకు పుస్తకం అడ్డమొచ్చెనా?”

“అమ్మా, గదంత అబద్ధం. నా కాలుల ఏం లేదు. కాలుల కాలే ఉన్నది.”

వదిన సైదమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే అన్నది: “ఆనాడు కాళ్ళే ముందుగాల వచ్చినయంట గద మరిదీ. తలకాయ ఇంక తొవ్వల్నే ఉన్నట్టున్నది.”

“నవ్వియ్యకు సైదా,” అన్నాడు అన్న, పళ్ళు బిగబట్టి. “పానం పోతాంది.”

నాకు కోపం రాలేదు. అన్నం ముందు నుంచి లేచాను, ఆకలి లేక.

ఫిబ్రవరి 9, ఆదివారం

పొద్దు పొడవకముందే దుకాణానికి పోయాను. ఇంట్లో ఉంటే మళ్ళీ అడుగుతారు. అడిగితే మళ్ళీ కాదనాలి. ఒక ఆదివారం గడిచిపోతే అమ్మ అదే మరిచిపోతుందనుకున్నాను. మంచి ఉపాయమే.

పొద్దెక్కాక ఇంటికి వచ్చేసరికి వాకిట్లో కొబ్బరికాయ పీచు. అమ్మ రైలు కట్ట అవతలి ఊరి నుంచి గాలయ్యను పిలిపించింది. గాలయ్య కూడా కాళ్ళతో పుట్టినవాడే. నాకు రెండింతలు మనిషి, కల్లు తాగి వస్తాడు, మడమతో తంతాడు. మూడు తన్నులు తన్ని, దక్షిణ పుచ్చుకొని పోయాడట. మూడో తన్నుకు అన్న అరిచిన అరుపు స్టేషను దాకా వినిపించిందని పక్కింటివాళ్ళు చెప్పారు.

స్టేషను దాకా వినిపిస్తే, అంతకంటే దగ్గరున్న దుకాణానికి వినిపించాలి. నాకు వినపడలేదు.

అన్నను పట్టి నిలబెట్టాము. కుడి పాదం నేల మీద ఈడుస్తున్నాడు. చెప్పు వేస్తే నిలవడం లేదు. గిచ్చితే తెలియడం లేదు.

“నొప్పి జర తక్కువైందిరా తమ్మీ,” అంటాడు. పాదం తనది కానట్టు దాని వైపే చూస్తున్నాడు.

ఫిబ్రవరి 10

అన్నను మంచం మీద స్టేషనుకు మోసి, రైల్లో కింద పడుకోబెట్టి, భువనగిరి దవాఖానకు తీసుకుపోయాను. పెట్టెలో తలా ఒక మందు చెప్పారు. ఒకాయన కోడి రక్తం రాయమన్నాడు. నేను ఏమన్నానో ఇక్కడ రాయను. తర్వాతి స్టేషనులో ఆయన వేరే పెట్టెలోకి మారాడు.

డాక్టరు నడుము మీది కమిలిన గుర్తులు చూసి నా వైపు తిరిగాడు.

“ఎవరు తన్నింది?”

“మా అమ్మ పిలిపిచ్చిన మనిషి.”

“నువ్వెవరు?”

“తన్ననోన్ని.”

ఎందుకట్లా అన్నానో తెలియదు. ఆయన అన్నను వెల్లకిలా పడుకోబెట్టి, కుడి కాలు మోకాలు వంచకుండా పైకి లేపాడు. జానెడు లేచిందో లేదో అన్న ఆయన చెయ్యి పట్టేసుకున్నాడు. బొటనవేళ్ళు రెండూ మొహం వైపు లాగమన్నాడు. ఎడమది లేచింది. కుడిది లేవలేదు.

“వెన్నుపూసల నడుమ మెత్తటి బిళ్ళలుంటయి,” అని చెప్పాడు డాక్టరు. “బిళ్ళకు పైన గట్టి పొర, లోపల గుజ్జు. వంగి, మెలితిరిగి బరువు లాగితె పొర చిరుగుతది. చిరిగిన కాడ గుజ్జు ఉబికి బయటికొస్తది. దాని పక్కనుంచే కాలికి పోయే నరం ఉంటది. ఆ నరాన్ని ఒత్తుతది. అందుకే దెబ్బ నడుముల, మంట కాలుల.”

“ఎక్స్‌రే తీస్తె కనపడ్తదా సార్?”

“వెన్ను బొక్కలు కనపడ్తయి. బిళ్ళ కనపడది. నాకు ఈ కాలే చెప్తాంది.”

ఆయన చెబుతుంటే నాకు సైకిల్ టైరు కళ్ళ ముందు ఆడింది. టైరు ఒకచోట కోసుకుపోతే లోపలి ట్యూబు బుడ్డిలాగా బయటికి ఉబుకుతుంది. ఉబికి బండికి రాసుకుంటుంది. ఏళ్ళ తరబడి రోజూ చూస్తున్నదే. ఎవడైనా ఆ బుడ్డిని మడమతో తంతాడా?

గట్టి చెక్క మీద పడుకోవాలి, మోకాళ్ళ కింద మెత్త పెట్టుకోవాలి. వేడి గుడ్డ కాపడం. నొప్పి తగ్గుతున్నకొద్దీ ఇంట్లోనే కొంచెం కొంచెం నడవాలి. వంగొద్దు, బరువెత్తొద్దు. చాలామందికి కోత లేకుండానే ఉబ్బు దానంతటదే అణుగుతుందన్నాడు. పాదానికి బలం మాత్రం నెమ్మదిగా వస్తుంది, పూర్తిగా వస్తుందని చెప్పలేనన్నాడు.

బయటికి వస్తుంటే నన్నొక్కణ్ణే ఆపాడు. “మూత్రం ఆగిపోయినా, సైకిల్ సీటు తగిలే జాగ మొద్దుబారినా ఒక్క పూట ఆగొద్దు. ఏ రైలు దొరికితె ఆ రైలుకు పట్నం పెద్ద దవాఖానకు తీస్కపో.”

“మల్ల బస్తా మోస్తడా సార్?”

“మోస్తడేమో. కని ఒక్కడే వంగి గుంజితె మల్ల నా దగ్గరికే వస్తడు.”

ఫిబ్రవరి 11

గాలయ్యను పిలిచింది అమ్మ. తన్నింది గాలయ్య. నేను దుకాణంలో ఉన్నాను.

ఫిబ్రవరి 12

నేను దుకాణంలో ఉన్నాను.

ఫిబ్రవరి 13

గట్టి చెక్క ఎక్కడిది మా ఇంట్లో? తలుపు ఊడదీశాను. నాలుగు ఇటుకల మీద పరిచి, పైన గొంగడి వేసి, అన్నను పడుకోబెట్టాను. అన్న మొదట తిట్టాడు, పీనుగను పండబెట్టినట్టు పండబెట్టినవని. ఒక జాము పడుకున్నాక, ఇన్ని రోజుల తర్వాత నిద్రపోయాడు.

“తలుపు లేని ఇల్లాయె. దొంగలొస్తె?” అన్నది వదిన.

“వస్తె మంచిదే. ఏం దొరక్క వాళ్ళే ఏమన్న పెట్టిపోతరు.”

దొంగలు రాలేదు. పక్కింటి మేక వచ్చి అన్న తల దగ్గర పడుకుంది. అమ్మ దాన్ని తోలలేదు. అన్న కాలు పక్కన కూర్చొని కాపడం పెడుతూనే ఉంది. నాతో మాట్లాడటం లేదు. నేనూ మాట్లాడటం లేదు. తప్పు చేసినవాళ్ళే ముందు మాట్లాడాలి.

ఫిబ్రవరి 17

హమాలీల ముఠా మేస్త్రి గుర్వయ్య వచ్చాడు. కూర్చోకుండా తిరుగుతుంటేనే తెలిసింది చెడ్డ మాట తెచ్చాడని.

“సేటు అడుగుతుండు జానన్నా, ఎప్పుడొస్తవని. వచ్చే నెల పెద్ద లోడు ఉన్నదట. అప్పటికి రాకపోతె నీ జాగల ఇంకోన్ని తీసుకుంటడట.”

ముఠాలో జాగా అంటే మాటలు కాదు. మా నాయన మోసిన జాగా, నాయన పోయాక అన్నకు వచ్చిన జాగా. ఒకసారి పోతే మళ్ళీ రాదు. ఆ జాగా మీదే ఇల్లు నడుస్తుంది.

అన్న అప్పుడే లేవబోయాడు. చెక్క అంచు పట్టుకొని ఒక మోకాలు మీదికి వచ్చి, చెమటలు పోసి, అట్లాగే ఆగిపోయాడు. ముందుకు రాలేడు, వెనక్కి పోలేడు. నేనూ గుర్వయ్యా చెరో పక్క పట్టి పడుకోబెట్టాము.

“చూసినవా మామా,” అన్నాను. “మనిషిని లేపనీకే ఇద్దరు గావాలె. క్వింటాలు బస్తాకు ఒక్కడా?”

“నాకెందుకు చెప్తవ్? సేటుకు చెప్పు.”

చెప్పాను. గోదాము ముందు నిలబడి, పుస్తకాల్లో ఉన్నదంతా చెప్పాను. శ్రమ, హక్కు, చరిత్ర అన్నీ చెప్పాను. సేటు మొత్తం విని, “గొంతు మంచిగున్నది, భజనకు రారాదు?” అన్నాడు.

నాకు కోపం వచ్చింది.

ఫిబ్రవరి 19

పొద్దటి నుంచి అన్న మూత్రానికి పోలేదు. డాక్టరు మాట గుర్తొచ్చింది. చొక్కా వేసుకొని రైలు వేళ కనుక్కోవడానికి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి వదిన నవ్వుతోంది. ఏం లేదు, అమ్మ పక్కనే కూర్చొని కదలకపోతే ముంత అడగడానికి సిగ్గుపడి పొద్దంతా బిగబట్టుకున్నాడట. పనికిమాలిన సిగ్గు! నేను అరిచాను. ఆ తర్వాత ముంత నేనే పోయి కడిగి తెచ్చాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

పొద్దున్నే బయటికి పోబోతే గడప ముందు మనిషి. భీమయ్య, అన్న ముఠాలోవాడే. బోర్లా పడుకొని ఉన్నాడు.

“లే భీమన్నా. నేను తన్న. తెలుసు గద.”

“తెలుసు. నువ్వు తన్నకపోతె గాలయ్య కాడికి పోత. ఎవనితోనన్న తన్నిచ్చుకోవాలె గద.”

అన్న పాదం గుర్తుకొచ్చింది. నేల మీద ఈడ్చుకుపోయే పాదం. పుస్తకాలు చదివిన నోటితో భీమయ్యకు బిళ్ళ సంగతి, గుజ్జు సంగతి చెప్పాను. బోర్లా పడుకొనే ఓపికగా విన్నాడు. విని, “మంచిగ చెప్పినవ్. ఇగ తన్ను,” అన్నాడు.

నేను తన్నలేదు. కాలు ఆనించాను. చిలక ఈక వాలినంత మెల్లగా, మూడుసార్లు. ఆనించి, దేవుడు పూనినట్టు గొంతు పెంచి చెప్పాను:

“గట్టి చెక్క మీద పండుకో. రోజు ఇంత నడువు. నొప్పి పోయేదాంక బరువెత్తొద్దు. పోయినంక గూడ ఎత్తిచ్చే మనుషులు లేకుండ బస్తా ముట్టొద్దు. ముడితె నా కాలు ఎదురు తిరుగుతది. నడుము పోతది, కాలు పోతది.”

భీమయ్య లేచి చేతులు జోడించాడు.

లోపల నుంచి అమ్మ అంతా చూసింది. ఇన్ని రోజుల తర్వాత నాతో మాట్లాడింది. “గిది జానయ్యకు చేస్తె ఏం పోయింది?”

గ్రంథాలయానికి పోలేదు ఇవాళ.

ఫిబ్రవరి 26

వింత. భీమయ్యకు సేటు సెలవు ఇచ్చాడు. డాక్టరు చీటీ చూపిస్తే చించేసే మనిషి, ఎదురుకాళ్ళవాడు చెప్పాడంటే నోరు మూసుకున్నాడు. “మైసయ్య మల్ల మొదలువెట్టిండా? మంచిది, మంచిది,” అన్నాడట. పిరికివాడు. దేవుణ్ణీ, దయ్యాన్నీ, నా కాలినీ ఒకే తీరున నమ్ముతాడు.

అబద్ధం అబద్ధమే. కానీ ఈ అబద్ధం భీమయ్యను చెక్క మీద పడుకోబెట్టింది, నిజం పడుకోబెట్టలేకపోయింది. పుస్తకంలో దీనికి జవాబు వెతికాను. లేదు.

మార్చి 1, ఆదివారం

ముఠా అంతా వచ్చింది! నడుము నొప్పి ఉన్నవాడు, లేనివాడు, అందరూ. వాకిట్లో వరసగా బోర్లా పడుకున్నారు. గుర్వయ్య అందరికంటే ముందు. అది ఎవరి ఉపాయమో తెలియదు, నాదైతే కాదు. ఒక్కొక్కరికీ కాలు ఆనించి, ఒక్కొక్కరికీ అదే మాట చెప్పాను: ఎత్తించేవాళ్ళు లేకుండా బస్తా ముట్టొద్దు.

తలుపు చెక్క మీద నుంచి అన్న చూస్తూ అన్నాడు: “తమ్మీ, గుంపుల ఒకడు గురక పెడుతుండు. జర గట్టిగ తన్ను వాన్ని.”

మార్చి 2

సేటు ఎత్తించే మనుషులను పెట్టాడు. తానే పెట్టాడు! బస్తాకు ఇద్దరు ఎత్తుతుంటే మోసేవాడు మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా ఉంచి, బస్తా కూర్చున్నాక లేచాడు. ముఠా అంతా పాత వరసలో నడిచింది. నేను గోదాము ఎదురుగా సైకిల్ ఆపి చూశాను. ఆలేరులో సభ లేకుండా, జెండా లేకుండా, ఒక్క కాలితో సమ్మె గెలిచినవాణ్ణి నేనే అయ్యుంటాను.

అన్న ఇవాళ వాకిలి దాకా నడిచాడు. బొటనవేలు గోరంత లేచింది. నేను చూశాను. అమ్మ నమ్మలేదు, మళ్ళీ లేపి చూపించమంది, మళ్ళీ లేచింది.

మార్చి 4

గోదాము ముందు టెంకాయలు కొట్టారు. సేటు గాలయ్యకు కొత్త పంచె కట్టించి కూర్చోబెట్టాడు. మైసయ్య పెట్టిన కట్టును గాలయ్య తన్ని విప్పుతాడట. విప్పాక ఎవడి బస్తా వాడే ఎత్తుకోవచ్చట. కొందరు పడుకున్నారు. పడుకోకపోతే పని లేదన్నాడు సేటు. గాలయ్య మడమ ఒక్కొక్క నడుము మీదా పడుతోంది.

దూకాను. గాలయ్య చెయ్యి పట్టి లాగాను. అతను విదిలిస్తే పోయి బస్తాల మీద పడ్డాను.

“నడుములు ఇరగ్గొడ్తున్నరు! డాక్టరు చెప్పిండు, తన్నొద్దని చెప్పిండు!”

“డాక్టరా?” సేటు మెల్లగా నవ్వాడు. “మొన్న డాక్టరు మాటని చెప్పలే గద మైసయ్యా. నా కాలు మాటని చెప్పినవ్. నీ కాలు మాట నేను విన్ననా లేదా? విన్న. గిప్పుడు గీయన కాలు మాట నువ్వు వినాలె. కాలుకు కాలు.”

ఊరంతా చూస్తుండగా బస్తాల మీద నుంచి లేచి చొక్కా దులుపుకున్నాను.

ఎత్తించే మనుషులు మళ్ళీ పోయారు. సోమవారం పెద్ద లోడు. ఆ రోజు అన్న రాకపోతే జాగా ఇంకొకడిదని, అదే నోటితో, అక్కడే చెప్పాడు.

మార్చి 5

సేటు చెప్పిందే నిజం. కాలు మాట మీద కట్టినదాన్ని ఇంకొక కాలు కూలుస్తుంది. నాది చిన్న కాలు, గాలయ్యది పెద్ద కాలు, అంతే తేడా. మొదటి ఆదివారం అన్నకు కాలు ఆనించి ఉంటే గాలయ్య మా ఇంటికి వచ్చేవాడు కాదు. ఆ మాట ఇన్ని రోజులూ రాయలేదు. రాశాను. అయిపోయింది. ఇక ముందుకు.

మార్చి 6

సాయంత్రం ముఠావాళ్ళను దుకాణానికి పిలిచాను. అన్న వస్తానంటే వదిన, నేను చెరో పక్క నడిచాము. మెల్లగా, ఆగుతూ, తన కాళ్ళ మీదే వచ్చాడు. మల్లేశం దుకాణంలో కోసుకుపోయిన పాత టైరు ఒకటి ఉంది. దానిలో ట్యూబు పెట్టి, అందరి ముందు గాలి కొట్టాను. కోసుకుపోయిన చోట బుడ్డి ఉబికింది.

“గిదే జానన్న నడుము. గీ బుడ్డి నరాన్ని ఒత్తుతాంది. ఇగ తన్నుండ్రి, ఎవరు తంతరో.”

“తంతె పలుగుతది గదరా,” అన్నాడు భీమయ్య.

“మరి గాలయ్యతోని ఎందుకు తన్నిచ్చుకున్నరు? నాతోని ఎందుకు? నా కాలుల ఏం లేదు. నేను అబద్ధం చెప్పిన. నీకు నయమైంది పండుకున్నందుకు భీమన్నా, బరువెత్తనందుకు.”

చెప్పేశాను. కొడతారనుకున్నాను. గుర్వయ్య బీడీ ఆర్పి పకపకా నవ్వాడు.

“మాకు తెల్వదా పిలగా?”

“ఏంది తెలిసేది?”

“నడుము నొస్తాంది సేటూ, ఇయాల పండుకుంట అంటె సేటు ఒప్పుకుంటడా? ఒప్పుకోడు. ఎదురుకాళ్ళోడు తన్నిండు, ఇయాల బరువెత్తొద్దంట అంటె ఒప్పుకుంటడు. ఇన్నేండ్లు మీ గడప ముంగట ఎందుకు పన్నమనుకున్నవ్? నీ కాలు కోసమా? ఒక్క రోజు నాగా కోసం.”

ఇన్నేళ్ళూ నేను మూఢనమ్మకాన్ననుకున్నాను. నేను వాళ్ళ సెలవు రోజును. నేను కాలెత్తనన్న రోజు వాళ్ళ సెలవును తీసేశాను, సేటు ఎత్తించేవాళ్ళను తీసేసినట్టే.

“మరి గాలయ్య తన్ని కట్టు ఇప్పిండు గద. ఇగ ఏం జేద్దాం?” అన్నాడు భీమయ్య. “ఇంకో ఎదురుకాళ్ళోన్ని ఏడ తెద్దాం?”

అప్పటిదాకా టైరు వైపే చూస్తున్న అన్న మాట్లాడాడు. అన్న ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

“ఇగ కాలు మాట బందు. నోటితోనే చెప్పుదాం. ఎత్తిచ్చేటోళ్ళు లేకుంటె ఎత్తం అని.”

“నోటితోని చెప్తె పనిల కెళ్ళి తీసేస్తడు జానన్నా.”

“నేను నోరు మూసుకొనే ఉంటిని గద భీమా. నన్ను తీసేస్తలేడా?”

వదిన అందుకొని, “అందరు ఒక్కసారే నోరు తెరుస్తె ఎవన్ని తీసేస్తడు? లోడు ఆయన ఎత్తుతడా? ఆయనకు చీమలకు చక్కెర చల్లుడే అస్తది,” అన్నది. గోదాములో ఆముదాలు చెరిగే ఆడవాళ్ళకు తానే చెబుతానంది.

మార్చి 8, ఆదివారం

పొద్దున గడప ముందు ఎవరూ లేరు. అమ్మ వాకిలి ఊడ్చి, కాసేపు తొవ్వ వైపు చూసింది. “మహిమ ఉన్నది నీ కాలుల. నువ్వే ఖరాబు చేసుకున్నవ్,” అన్నది. తిట్టినట్టు లేదు. అన్న కోసం రేపటికి కర్ర ఒకటి నునుపు చేసి గోడకు ఆనించింది.

అడిగేవి మూడే. బస్తాకు ఇద్దరు ఎత్తించే మనుషులు. నడుము దెబ్బ తిన్నవాడికి నయమయ్యేదాకా బస్తాల మూతులు కుట్టే, కూర్చొని చేసే పని. వాడి జాగా వాడిదే. ఇందులో పుస్తకాల మాట ఒక్కటీ లేదు. గుర్వయ్య రాయొద్దన్నాడు, సేటుకు అర్థం కాలేదనే సాకు దొరుకుతుందని.

సాయంత్రం ఇంటింటికీ పోయి చెప్పాలి. నా గొంతు ఎత్తుకుంటే ఎక్కడికో పోతుంది కాబట్టి, చెప్పవలసినంతే ఇక్కడ రాసుకుంటున్నాను. దీనికి మించి ఒక్క మాట మాట్లాడను.

హమాలీ అన్నలారా, ఆముదాలు చెరిగే అక్కలారా. రేపు సోమవారం. వ్యాగన్లు ఏడు గంటలకు తెరుస్తారు. మనం ఆరు గంటలకే గూడ్స్ షెడ్డు ముందు ఉండాలి. జానయ్య నడిచి వస్తున్నాడు, కుంటుకుంటూ వస్తున్నాడు, కాబట్టి కాళ్ళు బాగున్నవాళ్ళెవరూ ఆలస్యం కావద్దు. బస్తాలు ఎత్తడానికి కాదు, ఎత్తించేవాళ్ళు వచ్చేదాకా వాటి మీద కూర్చోవడానికి. సద్ది కట్టుకొని రండి. పొద్దున ఆరు గంటలకు. ఆరంటే ఆరే.